ఉత్త నీళ్ల ప్రార్థన

దేవుడు లేడని నేను సభల్లో చెబుతాను. నా భార్య ప్రతి ఆదివారం గౌలిపురలోని చిన్న చర్చికి వెళుతుంది. ఈ రెండూ ఒకే ఇంట్లో ఎట్లా ఇముడుతున్నాయని అడిగేవాళ్లకు నా జవాబు ఒకటే: ఆమె నన్ను మార్చాలని చూడదు, నేను ఆమెతో వాదించి గెలవలేను. వాళ్ల చర్చి వ్యవహారాల్లో నేను ఎన్నడూ వేలు పెట్టలేదు. ఆ ఏడాది పెట్టాను. పెట్టిన వేలు ఆమెకే గుచ్చుకుంది.

ఈస్టరుకు ముందు నలభై రోజులను వాళ్లు శ్రమల దినాలంటారు. ఉపవాసముండి క్రీస్తు పడిన బాధను తలచుకునే రోజులవి. ఆ రోజుల్లో సాయంత్రం పూట ఒక్కో సభ్యుడి ఇంట్లో ప్రార్థన పెట్టుకుంటారు. చర్చికి రాలేనివాళ్ల దగ్గరికి చర్చే నడిచి వెళ్లాలన్నది దాని ఉద్దేశం. రెండు పాటలు, కాసేపు వాక్యం, ఆ తరవాత ఇంటివాళ్ల కష్టమేమిటో అడిగి వినడం, దానికోసం అందరూ ప్రార్థించడం. మా అత్తగారి కాలంలో చివర ఒక కప్పు చాయ్ ఇచ్చి పంపేవారట.

ఆ చాయ్ పక్కన ఒక ఏడాది ఉస్మానియా బిస్కెట్ చేరింది. తరవాత సమోసా. ఎవరో కొడుక్కి ఉద్యోగం వచ్చిన సంతోషంలో బిర్యానీ పెట్టారు. ఒకరు పెట్టాక ఇంకొకరు బిస్కెట్‌తో సరిపెడితే ఏం మర్యాద? జనం పెరిగారు కాబట్టి గల్లీకి అడ్డంగా షామియానా వచ్చింది. షామియానా వచ్చింది కాబట్టి మైకు వచ్చింది. మైకు ఉంది కాబట్టి కీబోర్డు. రంజాను నెల, శ్రమల దినాలు కలిసి వచ్చిన ఆ ఏడాది ఒక ఇంట్లో ప్రార్థన తరవాత హలీమ్ పెట్టారు. గల్లీకి అటువైపు వాళ్లు పొద్దంతా మంచినీళ్లు కూడా ముట్టకుండా ఉండి, పొద్దుగూకాక తిన్నారు. ఇటువైపు వాళ్లు ఉపవాస దినాలని పేరు పెట్టుకుని, ఏ పూటా మానకుండా, పైన హలీమ్ కూడా తిన్నారు. నాకు నవ్వొచ్చింది. నా భార్యకు రాలేదు.

పాలవాళ్ల కొట్టాల వెనక ఒక గదిలో వాళ్ల సభ్యుడొకాయన ఉంటాడు. బేగంబజార్‌లో ట్రాలీ ఆటో నడిపేవాడు. పక్షవాతంతో కుడి పక్కంతా పడిపోయి మంచాన ఉన్నాడు. మాట వస్తుంది కానీ ఒక్కో మాట రావడానికి ఎదుటివాడు ఓపిగ్గా ఆగాలి. భార్య చీరలకు ఫాల్స్ కుట్టి ఇల్లు నడుపుతోంది. ఆ ఏడాది తమ ఇంట్లో కూడా ప్రార్థన పెట్టమని ఆమె పేరు ఇచ్చింది. వారం తిరగకుండా వెనక్కి తీసుకుంది. ఆ సంగతి చెబుతూ నా భార్య బియ్యం చాట కింద పడేసినంత పని చేసింది.

"ఎందుకు తీయించుకుంది?" అన్నాను.

"ఎందుకేంది? అంతమందికి ఏం పెడ్తది? 'అక్కా, నా ఇంటి ముంగట షామియానా ఎట్ల పడ్తది, బర్రెల మీద ఏస్తరా?' అన్నది. నవ్వుకుంట అన్నది. నాకు ఏడుపొచ్చింది."

"ఆయనకు తెలుసా?"

"తెల్వది. ఎప్పుడొస్తరు, ఎప్పుడొస్తరని రోజు అడుగుతుండట. రేపు అని చెప్తుందట."

నా భార్య చర్చిలో స్త్రీల సమాజానికి కార్యదర్శి. వచ్చే ఆదివారం ఆరాధన తరవాత సభ్యుల మీటింగ్ ఉంది. ఇళ్ల ప్రార్థనల్లో మంచినీళ్లు తప్ప ఇంకేమీ పెట్టొద్దని అక్కడ అడగాలని నిర్ణయించుకుంది. "నువ్వు రాకు, మాట్లాడకు," అని ముందే చెప్పింది. "నాకు మాట్లాడుడు నేర్పు, చాలు."

నేను సంస్కరణ సభల్లో, ఎదుటివాళ్ల అరుపుల మధ్య వాదన నేర్చుకున్నవాణ్ణి. ఇంతకంటే ఏం కావాలి? వంటింట్లో ఆ వారమంతా నేనే ప్రతిపక్షం. ముందు ఎదుటివాడి చేతనే ఉద్దేశం చెప్పించు, అన్నాను. ప్రార్థన కోసమే అంటాడు. అప్పుడు అడుగు: తిండి లేకపోతే ప్రార్థన ఆగుతుందా? ఆగదంటే తిండి అక్కర్లేదు. ఆగుతుందంటే అది ప్రార్థన కాదు, దావత్. చివరగా ఒక వాక్యం తయారు చేసి ఇచ్చాను: "ఉద్దేశాన్ని మింగేసిన ఆచారం భక్తి కాదు, ప్రదర్శన." ఆమె రెండుసార్లు పలికి చూసుకుంది. నాకు గర్వంగా అనిపించింది.

ఆదివారం రావద్దన్నా వెళ్లాను. లోపలికి పోలేదు, తలుపు దగ్గర నిలబడ్డాను.

ఆమెకు ఎదురు నిలిచింది కోశాధికారి. బేగంబజార్‌లో స్టీలు సామాన్ల దుకాణంలో పని చేస్తాడు. ప్రార్థనలకు వంట డేగిసాలు, ప్లేట్లు ఆయనే సర్దుతాడు. ఎవరింట్లో చావు జరిగినా శవపెట్టె మోయడానికి మొదట వచ్చేవాడు ఆయనే. అందుకే ఆయన మాటకు బలం ఉంది.

"ఉత్త నీళ్లు పోస్తె పోరగాండ్లు ఎవలన్న వస్తరా, అక్కా? ఇంతకుముందు పది మంది ముసలోళ్లు కూసునేటోళ్లు. ఇప్పుడు గల్లీ నిండుతుంది. గిది తప్పా?"

తప్పు కాదు. అది మంచి వాదన. నా భార్య తడబడింది. తడబడి, నేనిచ్చిన వాక్యాన్ని అందుకుంది. ఒక్క అక్షరం తప్పకుండా చెప్పింది.

కోశాధికారి కాసేపు ఆమెను చూశాడు. తరవాత మెల్లగా తల తిప్పి నన్ను చూశాడు.

"అక్కా, గీ మాట నీది కాదు. గా దర్వాజ కాడ నిలవడ్డ మా బావది."

నవ్వులు లేచాయి. వెనక బెంచీలో ఒక పెద్దాయన నవ్వలేదు, లేచి నిలబడ్డాడు. "దేవుడే లేడనేటోడు మనకు ప్రార్థన నేర్పుతుండా? రేపు బాప్తిస్మం గూడ ఇస్తడా ఏంది?" ఇంకెవరో, "ఇంట్ల మొగుణ్ణి మార్చలేదు గని, చర్చిని మారుస్తదంట!" అన్నారు. అందరూ ఒకేసారి మాట్లాడసాగారు.

మాట ఎవరిదన్నది కాదు, నిజమా కాదా అన్నది చూడాలి. వాదన నేర్చుకున్న ప్రతివాడికీ మొదటి పాఠం అదే. ఇట్లాంటి దొంగదెబ్బను చూసి నేను ఏ సభలోనూ నోరు మూసుకోలేదు. ఒక కాలు గడప లోపల పెట్టాను. ఆమె నన్ను చూసింది. ఆ చూపు బతిమాలేది కాదు, హెచ్చరించేది. నేను నోరు తెరిస్తే ఆ మంచం మీది మనిషి గదికి ఇక ఎవరూ వెళ్లరు. కాలు వెనక్కి తీసుకున్నాను.

అయ్యగారు, అంటే వాళ్ల పాస్టరు, వయసులో చిన్నవాడు, గొడవలంటే భయం. చేతులెత్తి, "లొల్లి వద్దు. వచ్చే ఏడాదికి కమిటీ వేసి ఆలోచిద్దాం," అన్నాడు.

"వచ్చే ఏడాదిదాక ఆయన ఉంటడా, అయ్యగారు?"

నా భార్య గట్టిగా అనలేదు. కానీ అరుపులు ఆగాయి.

"నేనన్న మాట నాది కాదు, ఒప్పుకుంటున్న. ఇగ నా మాట వినుండ్రి. బుధవారం ప్రార్థన మా ఇంట్ల ఉన్నది. నా వంతు నేను కొట్టాల ఎనక ఉన్నోళ్లకిస్తున్న. చాయ్ ఉండది, షామియానా ఉండది. కూసునేతందుకు జాగ గూడ సరిగ ఉండది. వచ్చేటోళ్లు రాండ్రి."

"ఎవలు రాకుంటే?" అన్నాడు కోశాధికారి.

"రాకుంటే గదే మన చర్చి అని తెలుస్తది."

మొఘల్‌పురాలోని మా ఇంటిదాకా ఆమె నాతో మాట్లాడలేదు. తాళం తీశాక మాత్రం, "నీ మాట మంచిగనే ఉండె. నా నోట్లకు పట్టలే," అంది. మంగళవారం దాకా మా ఇంట్లో అవసరమైన మాటలే నడిచాయి. ఫోన్ మోగినప్పుడల్లా ఆమె ముఖం చూసేవాణ్ణి. పిల్లలకు పరీక్షలని ఒకరు, బంధువులొచ్చారని ఒకరు, బుధవారం రాలేమని చెప్పడానికే చేశారు.

బుధవారం మధ్యాహ్నం ఆమె నా ముందుకొచ్చి నిలబడింది. "నువ్వు గూడ రా. దేవుని కోసం కాదు. మనుషులు తక్కువైతున్నరు."

ప్రతి ఏడాది మా ఇంట్లో ప్రార్థన ఉన్న సాయంత్రం నేను బయటికి పోయేవాణ్ణి. అట్లాంటిది ఆ రోజు ప్రార్థనకే బయలుదేరాను. ఇఫ్తారు వేళ దగ్గర పడుతోంది. రోడ్డు మీద ఖర్జూరాలు, పండ్ల బండ్ల చుట్టూ జనం, ఆటోలు కదలడం లేదు. దిగి నడిచాం.

గది కడిగి ఆరింది. నేల మీద దుప్పటి పరిచి ఉంది. మంచం మీద ఆయన గడ్డం గీయించుకుని, ఇస్త్రీ చొక్కా మెడదాకా గుండీలు పెట్టుకుని, దిండుకు ఆనుకుని ఉన్నాడు. అయ్యగారు అప్పటికే వచ్చాడు. ఇంకెవరూ లేరు. ఇల్లామె అరగంటలో ఎన్నిసార్లు గల్లీలోకి తొంగి చూసిందో.

"వచ్చి...ండ్రా?" అన్నాడు ఆయన.

"వస్తున్నరు. రోడ్డు మీద ట్రాఫిక్ ఉంది."

నా భార్య చేతిలోని పాటల పుస్తకం మూసి తెరుస్తూ ఉంది. ముందు ఒక ముసలావిడ వచ్చింది, తరవాత ఆమె కోడలు. తరవాత పాటలు పాడే ఇద్దరమ్మాయిలు. మీటింగులో బాప్తిస్మం మాట అన్న పెద్దాయన వచ్చి నన్ను చూసి, వెళ్లిపోవాలా కూర్చోవాలా తేల్చుకోలేక, చివరికి కూర్చున్నాడు. ఇంకో నలుగురైదుగురు. అయ్యగారు మొదటి పాట ఎత్తబోతుండగా గల్లీలో స్టీలు చప్పుడైంది. కోశాధికారి. రెండు చేతులా పెద్ద డబ్బా.

"చెల్లె, నీకేం ఫికర్ వద్దు. నేనే తెచ్చిన. ఉల్లిగడ్డ సమోసాలు. ప్రార్థన ఇంటికి ఖాళీ చేతులతోని ఎట్లొస్త?"

అందులో ఏ కుట్రా లేదు. ఆయన మంచితనం అటువంటిది. అందుకే దాన్ని ఆపడం కష్టం. నా భార్య లేవబోయింది. కానీ ఇల్లామె అప్పటికే గడప మీద నిలబడింది.

"అన్నా, నువ్వు తెచ్చినవని రేపు ఎవలంటరు? 'ఆమె ఇంట్ల గూడ పెట్టిండ్రు' అంటరు. నాలెక్క ఉన్నోళ్లు మళ్ల పేర్లు తీయించుకుంటరు. మూల మీద మసీదు కాడ ఇఫ్తారు పెడ్తున్నరు. గాడ ఇచ్చి రా. మేం ఆగుతం."

ఆయన ముఖం ఎర్రబడింది. తిరిగి ఇంటికే వెళ్లిపోతాడనుకున్నాను. గల్లీ చివర మసీదు వైపు మలుపు తిరిగాడు. మేం ఆగాం. ఖాళీ చేతులతో తిరిగి వచ్చి, నా పక్కన తప్ప చోటు లేక అక్కడే కూలబడ్డాడు.

"నువ్వు ప్రార్థనల గూసున్నవంటె లోకాంతం దగ్గరికొచ్చినట్టే, బావా."

"కొంచెం జరుగు, లోకాంతం దాకా కాళ్లు ముడుచుకుని కూర్చోలేను."

పాటలు అయ్యాయి. వాక్యం అయింది. అయ్యగారు మంచం వైపు తిరిగి, "దేనికోసం ప్రార్థన చేయాలె, అన్నా?" అన్నాడు. మిగతా ఇళ్లలో ఈ వేళకు డేగిసా మూత తీసిన వాసన వస్తుంది, కీబోర్డు మొదలవుతుంది, కష్టమేమిటని అడగడం జవాబు వినకముందే ఆమెన్‌తో ముగుస్తుందట. ఇక్కడ తొందరపెట్టేది ఏదీ లేదు. కాళ్లు చేతులు ఆడాలని అడుగుతాడని అందరూ ఎదురుచూశారు. నేనైతే అందుకు నా మనసులో జవాబు కూడా సిద్ధం చేసుకున్నాను.

"కాళ్ల... కోసం... వద్దు."

ఆగాం.

"నేను... ఈమెను... తిడుతున్న. రోజు. పాడు... మాటలు." ఎడమ చేత్తో నోరు తుడుచుకున్నాడు. "ఆపుకుంటలేను."

నీళ్ల గ్లాసులు సర్దుతున్న ఇల్లామె ఉన్నచోటే కూర్చుండిపోయింది. అయ్యగారు చేతిలోని పుస్తకం తెరవలేదు. మోకరించాడు. అందరూ కళ్లు మూసుకున్నారు. నేను మూసుకోను కాబట్టి చూశాను: ఇల్లామె కూడా మూసుకోలేదు. మంచం మీది మనిషినే చూస్తోంది. ఆ ముఖంలో క్షమ ఉందని నేను అబద్ధం రాయను. ఎవరికీ చెప్పుకోలేనిది ఇంతమంది విన్నారన్న తెరపి ఉంది. కోపం కూడా ఉంది.

ఆమెన్ అన్నాక ఎవరూ లేవలేదు. ఇల్లామే మొదట మాట్లాడింది.

"గా మాట నాతోని చెప్తె అయిపోతుండె గద?"

"నీతోని... చెప్తె... మళ్ల... తిడ్త."

బాప్తిస్మం పెద్దాయన ఫక్కున నవ్వాడు. ఆ తరవాత ఆమె కూడా, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని.

షామియానాలు ఆగలేదు. ఆ మర్నాటి ఇంట్లోనే బిర్యానీ పెట్టారట. అయితే పేర్లు తీయించుకున్న ఇంకో రెండిళ్లవాళ్లు ఉత్త నీళ్లతో ప్రార్థన పెట్టుకుంటామని నా భార్యకు ఫోన్ చేశారు. ప్రార్థనతో పక్షవాతం పోతుందని ఎవరైనా వేదికెక్కి అంటే నేను ఇప్పటికీ ఎదురు లేచి నిలబడతాను. కొన్నాళ్లకు, కొట్టాల వెనక గదికి బయలుదేరుతున్న ఆమెను, ఆయన తిట్టడం మానేశాడా అని అడిగాను.

"మానలే. జర తగ్గిచ్చిండు," అంది చెప్పులు వేసుకుంటూ. "అందుకే పోతున్న."