ఆవకాయ మీద మోపిన నేరం

మా ఆవిడ కడుపులో పుండు పడకుండా ఏళ్ల తరబడి కాపాడినవాణ్ణి నేను. ఆవకాయ జాడీని గడప తొక్కనివ్వలేదు. మా అమ్మాయి ఉండే పారమట్టాలో, నది ఒడ్డున బెంచీ మీద కలిసిన ప్రతి తెలుగువాడికీ ఈ మాట చెప్పాను.

ఇందులో కోతలున్నాయి, ఒప్పుకుంటాను. జాడీ ఇంట్లోనే ఉండేది, అదీ నా కంచం పక్కనే. నేను రానివ్వనిది ఆమె కంచంలోకి మాత్రమే. పుండు ఎలాగూ పడింది.

ఆమెకు పరగడుపున పొట్ట పైభాగంలో మంట. ఏదైనా తింటే కాస్త సర్దుకునేది, మళ్లీ మొదలయ్యేది. "కారం తిని తిని తెచ్చుకున్నావు" అని తీర్పు చెప్పేశాను. రైల్వేలో గుమస్తాగా చేసినవాడికి వైద్యం ఏం తెలుస్తుంది? కానీ మా వైపు కడుపు మంటంటే కారమే దోషి, సాక్ష్యం అక్కర్లేదు. అప్పటి నుంచి ఆమెకు చప్పిడి పప్పు, పెరుగన్నం. నేను వేడి అన్నంలో ఆవకాయ కలుపుకుంటుంటే ఆ వాసనకు కళ్లు మూసుకునేది.

మా అమ్మాయి దగ్గరికి, ఈ దేశానికి వచ్చాక కూడా నా తీర్పు మారలేదు. పోయినేడు చలికాలంలో ఒక ఉదయం ఆమె బాత్రూంలో రక్తం కక్కుకుంది. ఆసుపత్రిలో గొంతులోంచి గొట్టం వేసి చూశారు. పుండుకు మూలం బ్యాక్టీరియా అట. చిన్నతనంలోనే కడుపులో చేరి ఉంటుందట.

"కారం వల్ల కాదా అమ్మా?" అని డాక్టరమ్మను అడిగాను. మన తెలుగు పిల్లే.

"కాదంకుల్. కారం తింటే మంట ఎక్కువ తెలుస్తుంది, అంతే. దీనికి యాంటీబయాటిక్స్ ఉన్నాయి. ముందే బ్రెత్ టెస్ట్ చేయించుంటే బయటపడేది."

మంచం మీద నుంచి మా ఆవిడ నావైపు తల తిప్పింది.

"విన్నారా? పాపం, దాని తప్పేం లేదట."

రక్తం ఆగింది. ఇంటికి రాగానే మొదటి ముద్ద నా చేత్తో కలిపి పెడతానన్నాను. "నూనె కాస్త ఎక్కువ వెయ్యండి" అంది. మర్నాడు రక్తం మళ్లీ మొదలైంది. ఈసారి ఎవరు ఆపినా ఆగలేదు.

ఏడాది తిరిగిన రోజున ఆమెకు ఇష్టమైనవన్నీ మా అమ్మాయి వండింది. తెలిసినవాళ్లను నలుగురిని పిలిచాం. భోజనాల దగ్గర నేను ఊరుకోలేకపోయాను.

"అంత ఇష్టమైన ఆవకాయ నా ఒక్క మాట మీద మానేసిందండీ! దాని మీద బెంగతోనే పోయింది. ఆ ఒక్క ముద్ద పెట్టలేకపోయానే అన్నదే నా బాధ."

ఒకావిడ కొంగుతో కళ్లొత్తుకుంది. వడ్డిస్తున్న మా అమ్మాయి గరిటె గిన్నెలో పడేసింది.

"స్టాపిట్ నాన్నా. అమ్మకి ఆవకాయ బెంగేం లేదు, నొప్పి. జీపీ డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లమని నిన్ను అడుగుతూనే ఉందట, హాస్పిటల్లో నాకు చెప్పింది. మజ్జిగ తాగి పడుకోమన్నావట నువ్వు."