గొళ్లెం వెతికిన ప్రేమపాట

మా థియేటర్లో గేటు దగ్గర నిలబడే మనిషిని అందరం గొళ్లెం అనేవాళ్ళం. ఒకసారి అడ్డం పడ్డాడంటే లోపలికి చీమ కూడా దూరదు. కుడిచేతి వేళ్ళు మూడుసార్లు విరిగి వంకరగా అతుక్కున్నాయి. పైన కేబిన్లో ప్రొజెక్టర్ నడిపే ఆపరేటర్ని నేను. ఆ చేతికి నేను కట్టిన కట్లకు లెక్కలేదు, కడుతూ తిట్టిన తిట్లకు అసలే లెక్కలేదు.

ఆ నెల మాకు తగులుకున్నది ఒక విదేశీ సినిమా. నలుగురు జులపాలవాళ్ళ పాత రాక్ బ్యాండు దానికి సంగీతం కట్టింది. గిటారు మొదలైతే చాలు, కుర్రకారుకు పూనకం. సీట్లు చీల్చేవారు, సీసాలు విసిరేవారు. ఒకడు బెల్టు తిప్పుతూ తెర మీదికి ఉరికితే గొళ్లెం వాణ్ణి జుట్టు పట్టుకుని మెట్ల మీద ఈడ్చుకుంటూ దించాడు. ఒక్కో మెట్టుకూ వాడి తల ఠప్పుమంది. నేను మొహం తిప్పుకున్నాను. గొళ్లెం మాత్రం చేతులు కడుక్కుని తర్వాతి ఆటకు గేటు తీశాడు.

అలాంటివాడు బుకింగులో టికెట్లిచ్చే ఆవిడ మీద మనసు పడ్డాడు. పెళ్ళి చేసుకుందామా అని అడిగేశాడు కూడా. ఆవిడ కిటికీ కన్నంలోంచి అతని చేతులే చూసింది.

"మా నాన్న చేతులతోనే మాట్లాడేవాడు. మా అన్నా అంతే. ఇంకొకణ్ణి భరించే ఓపిక నాకు లేదు," అంది. అతని మొహం చూసి జాలేసిందో ఏమో, "సరే, ఈ సినిమా పాటల రికార్డు ఆపరేటర్ గారి దగ్గరుందిగా. అందులో ఒక్క ప్రేమపాట వెతికి ఇంటర్వెల్లో వినిపించు. నీలో మెత్తదనం ఏమన్నా ఉంటే దొరుకుతుంది. అప్పుడు చెప్తా," అంది.

సినిమా అన్నాక డ్యూయెట్ లేకుండా ఎలా ఉంటుంది? మాకొచ్చిన ప్రింటులో కోసేసి ఉంటారు, రికార్డులో ఉండి తీరుతుందని ఇద్దరం ధీమాగా ఉన్నాం. వారం రోజులు ఉదయం ఆటకు ముందు నా కేబిన్లో కూర్చున్నాడు. మొదటి పాట నిండా అరుపులు. రెండోదాంట్లో డ్రమ్ములు. మూడోదాంట్లో ఎవరో అద్దాలు పగలగొడుతున్నారు.

"ఇది ప్రేమేనంటావా అన్నా?"

"ఇది పోలీసు కేసురా," అన్నాను.

రెండోవైపు చివర్న దొరికింది. ఒకే గిటారు, ఒకే గొంతు, రెండున్నర నిమిషాలు. ఆ భాష మాకిద్దరికీ రాదు. ఇంత నెమ్మదిగా ఏడుస్తున్నాడంటే ప్రేమేనని నేనే తేల్చాను. గొళ్లెం దాన్ని పదకొండుసార్లు పెట్టించుకున్నాడు. ఆ వంకర వేళ్ళతో మోకాలి మీద తాళం వేస్తుంటే నాకు నిజంగా ముచ్చటేసింది.

శనివారం మ్యాట్నీ ఇంటర్వెల్లో ముల్లు పెట్టాను. వరండా స్పీకర్లలో పాట మొదలైంది. బుకింగు ఆవిడ తలెత్తి నవ్వింది. కేబిన్ బయట మెట్ల మీంచి కళ్ళారా చూశాను.

అప్పుడే ఊడిపడ్డాడు ఆవిడ అన్న. "ఇంటికి రావే!" అంటూ కన్నంలోంచి చెయ్యి దూర్చి జుట్టు పట్టి లాగాడు. ఆవిడ నుదురు ఊచలకు కొట్టుకుంది. గొళ్లెం ఒక్క అంగలో వచ్చి ఆ చెయ్యి విడిపించి వాణ్ణి కింద పడేశాడు. అక్కడితో ఆగితే బాగుండేది. వాడు "వద్దు, వద్దు" అని చేతులు అడ్డం పెట్టుకుంటున్నా ఛాతీ మీద కూర్చుని గుద్దాడు. పాట మధ్యలో దవడ విరిగిన చప్పుడు వినపడింది. నేల మీద పళ్ళు పడ్డాయి. "చాలు! ఇక చాలు!" అంటూ ఆవిడ పరిగెత్తుకొచ్చి భుజం పట్టుకుంది. ఎవరో కూడా చూడకుండా మోచేత్తో విసిరికొట్టాడు. ఆవిడ గోడకు తగిలి కూలబడింది.

అప్పుడు ఆగాడు. పాట ఎప్పుడు అయిపోయిందో, ముల్లు గరగరమంటోంది.

ఆవిడ లేచి పెదవి మీది రక్తం తుడుచుకుంది. గొళ్లెం చేతులు వెనక్కి దాచుకున్నాడు.

"పాట... దొరికింది," అన్నాడు.

"విన్నాను. బాగుంది."

"మరి నీ జవాబు?"

"నువ్వే చెప్పేశావుగా."

అన్నను లేపి, వాడి చెయ్యి తన మెడ చుట్టూ వేసుకుని ఆసుపత్రికి నడిపించుకుపోయింది. ఏ ఇంటి నుంచి బయటపడదామనుకుందో ఆ ఇంటికే వెళ్ళిపోయింది. మళ్ళీ బుకింగుకు రాలేదు.

గొళ్లెం మా గేటు దగ్గర ఇంకో పదేళ్ళు చేశాడు. ఆ రోజు తర్వాత ఎవరి మీదా చెయ్యెత్తలేదని చెప్పాలని నాకూ ఉంది. కానీ మర్నాడు ఫస్ట్ షోలోనే ఇద్దర్ని కొట్టాడు.