మలుపు దగ్గర రెండు సీట్లు

మా వీధి సెలూన్ బాబాయికి మనుషుల మొహాలకన్నా మెడవెనుకలే బాగా గుర్తు. "మొహాలదేముంది, ఇవాళ మీసం, రేపు నున్నగా. మెడ మీద సుడి మాత్రం పుట్టినప్పటిదే," అంటాడు. బజారులో తనకి ముందు నడిచే మనిషిని వెనకనుంచే పోల్చి పిలుస్తాడు. ఎదురుపడితే మాత్రం తడబడతాడు. నన్నూ ఒకసారి కూరల కొట్టు దగ్గర చూసి "ఎవరు బాబూ?" అన్నాడు. నేను అటు తిరిగాక "ఓహో, నువ్వా" అన్నాడు.

ఆయనకి ఇంకో పని కూడా ఉండేది. ఊరి బయట కార్ల రేసులు జరిగే ట్రాకు ఉంది. ఏడాదికి నాలుగైదు ఆదివారాలు అక్కడ మూడో మలుపు దగ్గర జెండా పట్టుకుని నిలబడేవాడు. జీతం లేదు. ఒక టోపీ, మధ్యాహ్నం ఒక భోజనం పొట్లం ఇస్తారు. అందుకే వీధిలో అందరికీ ఆయన జెండా బాబాయి. ఆదివారమంటే సెలూన్‌కి అసలైన గిరాకీ రోజు కదా. రేసు ఉన్న ఆదివారం మా వీధంతా మాసిన గడ్డాలతో తిరిగేది. అడిగితే, "గడ్డం ఎక్కడికీ పోదు, సోమవారం దాకా పెంచు," అనేవాడు. సెలూన్లో తువ్వాళ్ళు కూడా పసుపువే కొన్నాడు, జెండా రంగని.

జెండా దగ్గర ఎప్పుడూ ఇద్దరుంటారట. ఒకరు వచ్చే కార్లవైపు చూడాలి, ఇంకొకరు వెళ్ళే కార్లవైపు. ముందు ఎక్కడైనా కారు జారి అడ్డంపడితే, ఆ రెండో మనిషి వెంటనే పసుపు జెండా ఊపి వెనకొచ్చేవాళ్ళని హెచ్చరించాలి. బాబాయిది ఆ రెండో పని. వెనక్కి తిరగడం పనికిరాదు. వెనక సంగతి జతగాడిది. కారు దగ్గరికొస్తుంటే జతగాడు భుజం మీద తట్టి "వస్తోంది" అంటాడు, అంతే. ఆ జతగాడు స్కూలు బస్సు డ్రైవరు. ఇద్దరూ వీపుకి వీపు ఆనించినట్టు నిలబడి ఇన్నేళ్ళు గడిపారు.

"అంటే బాబాయ్, ఇన్నేళ్ళూ కార్ల వీపులే చూశావన్నమాట."

"సెలూన్లో చూసేదీ అవేగా. అలవాటైపోయింది," అని నా తల ముందుకి వంచాడు.

మొన్నటి వానలు వెళ్ళాక ఆయన మోకాళ్ళు మొరాయించాయి. సెలూన్లో అయితే గోడకి ఆనుకోవచ్చు, మధ్యలో స్టూలు వేసుకోవచ్చు. మలుపు దగ్గర అదేం కుదరదు. ట్రాకువాళ్ళు మంచివాళ్ళు. ఆయన్ని పిలిచి, జెండా ఇంక చిన్నవాళ్ళకి ఇచ్చేయమని, అదే మలుపుకి ఎదురుగా ప్రేక్షకులు కూర్చునే స్టాండులో ఆ ఏడాదికి రెండు సీట్లు రాసిచ్చారు. "ఇంక హాయిగా కూర్చుని చూడండి" అన్నారట.

రెండు సీట్లనేసరికి ఇంట్లో పంచాయితీ మొదలైంది. పిన్ని, అంటే బాబాయి భార్య, ఒక్కసారీ ట్రాకు మొహం చూసింది కాదు. ఆవిడ లెక్క సూటిగా ఉంటుంది. మామూలు ఆదివారాలు సెలూన్‌వి. సెలూన్ మూసిన ఆదివారాలు ట్రాకువి. మరి తనవేవి?

"గానుగెద్దులా తిరిగిన చోటే తిరిగే కార్లని చూడ్డానికి ఊరి చివరిదాకా వెళ్ళాలా?" అంది.

ఆవిడ తమ్ముడు టీవీల కొట్టులో పనిచేస్తాడు. అతను అక్కనే సమర్థించాడు. "ఏడ్చినట్టుంది బావా. అక్కడ నీకు ఒక్క మలుపు కనిపిస్తుంది. టీవీలో ట్రాకంతా కనిపిస్తుంది. ఎవడు ముందున్నాడో కింద రాసి మరీ చూపిస్తాడు. పైగా పక్కన ఫ్యాను."

"నువ్వు పెళ్ళిచూపులు కూడా టీవీలోనే చూసుకోవాల్సిందిరా," అన్నాడు బాబాయి.

చివరికి పిన్నే తేల్చింది. "ఒక్కసారి వస్తాను. బాగుంటే సరే, మీరు వెళ్తూ ఉండండి. విసుగొచ్చిందా, ఇంక సెలూన్ మూసిన ఆదివారాలు నావి. కిక్కురుమనకూడదు."

బాబాయి ఒప్పుకున్నాడు. ఆ వారమంతా కత్తెర చేతిలో ఉన్నా మనసు చేతిలో లేదు. నా చెవి పక్కన ఒకవైపు కొంచెం ఎక్కువే తీసేశాడు. "దానికి నచ్చకపోతే?" అని అద్దంలో నన్నే అడిగాడు. 

ఆ ఆదివారం సంగతి నాకు ముగ్గురూ మూడు రకాలుగా చెప్పారు. కలిపి చూస్తే ఇదీ జరిగింది.

ఇద్దరూ పొద్దున్నే వెళ్ళి కూర్చున్నారు. రేకు మెట్లు అప్పటికే కాలుతున్నాయి. బాబాయి సెలూన్ తువ్వాలు తీసి పిన్నికి పరిచాడు. మైకులో ఎవరో గుక్కతిప్పుకోకుండా మాట్లాడుతున్నాడు కానీ ఒక్క ముక్క తెలిస్తే ఒట్టు. గంట గడిచింది. ట్రాకు మీద చీపురు బండి ఒకటి నింపాదిగా వెళ్ళింది.

"ఇదేనా?" అంది పిన్ని.

"ఇది ఊడ్చే బండే. కాసేపు ఆగు."

ఆగింది. తను తెచ్చిన డబ్బా మూత తీసి రొట్టె ముక్క తుంచుతోంది. ఎక్కడో దోమ పాడినట్టు వినిపించింది. దోమ తుమ్మెదైంది. అంతలో మెట్లు వణికాయి, గుండెలో ఎవరో డప్పు పెట్టి వాయించినట్టైంది. ఆవిడ తలెత్తేసరికి మలుపు ఖాళీ. కాలిన రబ్బరు వాసన, గాల్లో దుమ్ము.

"అయిపోయిందా?" అంది.

"ఒక చుట్టే. ఇంకా ముప్ఫై ఉన్నాయి."

"ముప్ఫయ్యా?" అంది పిన్ని. ఆ ఒక్క మాటతో తన పందెం పోయినట్టే అనుకున్నాడట బాబాయి. జేబులోంచి సెలూన్ దూది తీసి ఆవిడకి ఇచ్చాడు.

చెవుల్లో దూది పెట్టుకున్నాక పిన్ని రొట్టె పక్కనపెట్టి కార్లు వచ్చే వైపే చూడ్డం మొదలుపెట్టింది. అవి కప్పులేని కార్లు. లోపలున్న మనిషి హెల్మెట్టు పైకి కనిపిస్తుంది. అన్నిటికన్నా ఆఖర్న ఒక ఆకుపచ్చ కారు వచ్చేది. మలుపుకి ముందు రెండుసార్లు దగ్గి, అప్పుడు తిరిగేది. ఆవిడకి దాని మీద మనసు పడింది.

"పాపం, దానికి జలుబు చేసినట్టుంది," అంది. "మిగతావాళ్ళు వెళ్ళిపోయినా మానట్లేదు చూడండి."

బాబాయి చూస్తే కదా. మనిషి ఇటు కూర్చున్నాడు కానీ మెడ అటే తిరిగి ఉంది, కార్లు వెళ్ళే వైపు. ఇన్నేళ్ళ అలవాటు. కారు తన ముందునుంచి పోయాకే ఆయన కళ్ళకి ఆనేది.

పదో చుట్టులోనో ఎప్పుడో ఒక ఎర్ర కారు మలుపు దాటాక జారి గిర్రున తిరిగి గడ్డిలోకి పోయింది. ఇంక ఆలోచన లేదు. బాబాయి లేచి నిలబడ్డాడు. మోకాళ్ళు గుర్తులేవు. పిన్ని కింద ఉన్న తువ్వాలు సగం లాగి, రాకపోయేసరికి వదిలేసి, భుజం మీదున్న రెండో తువ్వాలు తీసి తల మీద గట్టిగా ఊపడం మొదలుపెట్టాడు.

"పెద్దాయనా, మాకు కనపడట్లేదు," అన్నారు వెనక వరసలో. "తువ్వాలు ఆరేసుకోవాలంటే అవతల తీగ ఉంది," అన్నారు ఇంకెవరో. అందరూ నవ్వారు.

పిన్ని ఆయన చొక్కా పట్టుకుని లాగింది. అప్పుడు చూశాడు. కింద ఆయన నిలబడే చోట ఎవరో కుర్రమ్మాయి అప్పటికే పసుపు జెండా ఊపుతోంది. చక్కగా ఊపుతోంది. వచ్చే కార్లు వేగం తగ్గించాయి. ఎర్ర కారులోంచి మనిషి దిగి, దుమ్ము దులుపుకుని, కంచె వెనక్కి నడిచిపోయాడు.

బాబాయి కూర్చుని తువ్వాలు మడతపెట్టాడు. మళ్ళీ విప్పి మళ్ళీ మడతపెట్టాడు.

"ఇంటికెళ్దామా?" అన్నాడు.

"ఏం?"

"నాకు చూడ్డం రాదే. జెండా లేకపోతే ఈ చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలీట్లేదు. పందెం నువ్వే గెలిచావులే."

"చేతులు ఒళ్ళో పెట్టుకోండి," అంది పిన్ని. "ఇన్ని ఆదివారాలు నేను పెట్టుకుని కూర్చోలేదూ? అయినా ఇప్పుడెలా లేస్తాం, ఆకుపచ్చది ఇంకా రాలేదు."

అని మళ్ళీ అటు తిరిగింది. కాసేపటికి, కళ్ళు తిప్పకుండానే, ఆయన భుజం మీద తట్టింది.

"వస్తోంది."

ఆ తట్టు ఆయనకి తెలిసిందే. కానీ ఈసారి వద్దనేవాళ్ళు లేరు. మెడ తిప్పి చూశాడు.

ఏం చూశావు బాబాయ్ అని నేనడిగితే, కత్తెర ఆపేశాడు. "మలుపు ఇంకా రాకముందే ఆ ఆకుపచ్చ కారు పిల్లాడి తల వంగుతుందిరా. ముందు తల, తర్వాత కారు. నేను కుర్చీలో మీ తల వంచుతాను చూడు, వేలితో, ఇలా. అచ్చం అలా, ఎవరో వేలితో వంచినట్టు. నా కళ్ళ ముందే దగ్గి, మళ్ళీ అందుకుని, పోయింది. పోతుంటే వీపు చూశా, అది నాకు తెలిసిన వీపే. ముందు మొహం, వెనకాల వీపు. రెండూ ఒకే కారువి."

అక్కణ్ణుంచి ఇద్దరూ పని పంచుకున్నారు. వచ్చేవి ఆవిడవి, పోయేవి ఆయనవి. "నల్లది పసుపుదాని పక్కకొచ్చింది," అని ఆవిడ. "దాటేసింది, చూశా," అని ఆయన. వెనక వరసలో తువ్వాలు మీద జోకు వేసిన మనిషే ముందుకి వంగి, "అమ్మా, ఇప్పుడెవరు వస్తున్నారు?" అని అడగడం మొదలుపెట్టాడు.

రేసు అయిపోయాక కార్లన్నీ నెమ్మదిగా ఇంకో చుట్టు వచ్చాయి. మలుపు దగ్గర ఒక్కో డ్రైవరూ చెయ్యెత్తి ఊపాడు. ఆకుపచ్చ కారు పిల్లాడైతే రెండు చేతులూ ఎత్తాడు. పిన్ని లేచి నిలబడి తనూ ఊపింది.

"మనకేనా?" అంది.

"కాదు. జెండావాళ్ళకి. చివర్లో దణ్ణం పెట్టినట్టు అలా చెయ్యెత్తుతారు."

"ఇన్నేళ్ళూ మీకూ ఎత్తారా?"

"ఆఁ, ఎత్తేవారు."

"అందరూనా?"

"అందరూనూ."

పిన్ని ఎత్తిన చెయ్యి దించింది. "ఇంటికొచ్చి ఎండ దెబ్బ గురించి చెప్పేవారు, కాళ్ళ నొప్పుల గురించి చెప్పేవారు. ఈ ముక్క ఒక్కరోజూ చెప్పలేదేం?"

"అడగలేదుగా నువ్వు," అన్నాడు బాబాయి.

సాయంత్రం తమ్ముడు వచ్చేశాడు, తీర్పు వినడానికి. మొత్తం టీవీలో చూశాడు. ఫ్యాను కింద ఒక్క చెమట చుక్క పట్టలేదు. "చెప్పు అక్కా, రెండోది ఏ కారు?"

"తెలీదు."

"మొదటిది?"

"నల్లదేమో. మైకులో వాడు అరిచాడు కానీ తెలీలేదు."

"మరేం చూసొచ్చారు ఇద్దరూ?"

"ఆకుపచ్చది నీ టీవీలో దగ్గిందా?" అంది పిన్ని.

అతను ఆలోచించాడు. "ఆకుపచ్చది ఒకటి ఉందా అసలు?"

పిన్ని బాబాయి వైపు చూసి నవ్వింది. బాబాయి నవ్వలేదు. ఆయనకి తీర్పు ఇంకా రాలేదు మరి. "ఇంతకీ ఆదివారాల సంగతి ఏం చేద్దామంటావు?" అన్నాడు, గోడ మీది క్యాలెండరు చూస్తూ.

"ఏం చేసేదేముంది. ఆదివారాలు నావే."

"విసుగొచ్చిందా?"

"విసుగొస్తే మీరు మానాలి, రాకపోతే మీరొక్కరే వెళ్ళాలి, అదేగా పందెం. రెండూ నాకొద్దు. ఆదివారాలు నావి, ఎక్కడికెళ్ళాలో నేనే చెప్తాను. వచ్చే రేసుకి ఒక మెత్త కూడా పట్టుకెళ్దాం, ఆ రేకులు మరీ కాలుతున్నాయి."

బాబాయి లేచి వెళ్ళి పసుపు తువ్వాళ్ళు రెండూ తనే ఉతికి ఆరేశాడని పిన్ని చెప్పింది. పెళ్ళయ్యాక అదే మొదటిసారట.

తమ్ముడు కాసేపు కూర్చుని, కుర్చీ అంచుకి జరిగి, "మూడో సీటు దొరుకుతుందా?" అన్నాడు.

"దొరుకుతుంది. కానీ నువ్వెటు చూస్తావురా, అటూ ఇటూ మేమున్నాంగా," అన్నాడు బాబాయి.

"మైకు వినే పని వాడికివ్వండి," అంది పిన్ని. "ఏం చెప్తున్నాడో విని మనకి చెప్తాడు."