ఇరాన్ బెంచీ, ఇరాక్ బెంచీ

ఈ సంగతి ఇన్నాళ్ళూ రాయకపోవడానికి మొదటి కారణం, నాకు రాయడం రాదు. మా ఇంట్లో ఆడపిల్లను బడికి పంపాలన్న ఆలోచన ఎవరికీ రాలేదు, నాకూ రాలేదు. యాభై దాటాక మా వాడకట్టులో పెద్దవాళ్ళకు చదువు చెప్పే కేంద్రం పెడితే, పలకను కొంగు కింద దాచుకొని వెళ్ళాను. అక్షరాలు వచ్చాయి. బతుకమ్మ పాటలు రాసుకున్నాను. పచ్చళ్ళ కొలతలు రాసుకున్నాను. దీని దగ్గరకు వచ్చేసరికి మాత్రం చెయ్యి కదలలేదు. చదువు రానంతకాలం, నాకేం తెలుసు, నేనేమన్నా చదువుకున్నదాన్నా అని నాకు నేనే చెప్పుకొని తప్పించుకున్నాను. చదువు వచ్చాక ఆ మాట చెల్లలేదు. ఇప్పుడు పేపర్లో దూరదేశాల పేజీ నేనే చదువుతున్నాను. చదివిన ప్రతిసారీ మా హోటల్లోని రెండు బెంచీలు గుర్తుకొస్తాయి.

వరంగల్‌లో మిల్లుకు పోయే దారిలో మాకు చిన్న చాయ్ హోటల్ ఉండేది. మా ఆయన చాయ్ పోసేవాడు, నేను పక్క పొయ్యి మీద మిరపకాయ బజ్జీలు వేసేదాన్ని. షిఫ్టు దిగి వచ్చే కార్మికులు, కేసముద్రం మార్కెట్ నుంచి బండ్లతో వచ్చి అలసిపోయినవాళ్ళు, రిక్షా వాళ్ళు మా గిరాకీ. లోపల ఎదురెదురుగా రెండు బెంచీలు, గూట్లో ఒక ట్రాన్సిస్టర్. హోటల్ వెనక గోడకు ఆనుకొని ఒక ఇల్లు. ఆ ఇంట్లో అత్తాకోడళ్ళు ఒకే గుంత మగ్గం మీద, కాళ్ళు గుంతలో పెట్టి పక్కపక్కన కూర్చొని జంపఖానాలు నేసేవాళ్ళు. ఆ కోడలి భర్త తాపీ పని నేర్చినవాడు. అందరూ దుబాయి పోయాడనేవాళ్ళు గానీ అతను పోయింది ఇరాక్‌కు. బస్రా అనే ఊళ్ళో పెద్ద కంపెనీ కట్టడాల పని.

అతను పోయిన కొన్నాళ్ళకే ఇరాన్‌కూ ఇరాక్‌కూ యుద్ధం మొదలైంది.

మొదట్లో హోటల్లో అందరూ ఒకవైపే ఉన్నారు. మా ఆయనే మొదలుపెట్టాడు. "మనోడు ఆడ పనిచేత్తాండు. ఆళ్ల ఉప్పు తింటాండు. మనం ఇరాక్ దిక్కు ఉండకపోతే ఎట్ల?" అన్నాడు. అది అందరికీ బాగానే అనిపించింది. అప్పుడొక రిటైరైన పంతులు సారు, రోజూ సుబేదారి నుంచి సైకిల్ మీద మా బజ్జీల కోసం వచ్చేవాడు, అడ్డుతగిలాడు. యుద్ధం ఇరాకే మొదలుపెట్టిందని, సరిహద్దు దాటి ఇరాన్ గడ్డ మీదికి వెళ్ళిందని బల్ల మీద చాయ్ నీళ్ళతో గీత గీసి చూపించాడు.

"గయన్ని మనకెందుకు సార్? ఎక్కడి ఇరాన్, ఎక్కడి ఓరుగల్లు?" అన్నాడు ఒక రిక్షా ఆయన.

"బయటోళ్లం గనుకనే మనం చెప్పాలె. ఆళ్ల కండ్లకు నెత్తురు కమ్మింది. మనకు కమ్మలే గద" అన్నాడు సారు.

నేను బజ్జీలు తిప్పుతూ, ఊరికే ఉండలేక, "ఒకని ఇంట్లకు జొర్రినోనిదే తప్పు. జొర్రినంక ఎన్ని ముచ్చట్లు చెప్తే ఏంది?" అన్నాను.

సారు లేచి నిలబడ్డాడు. "శభాష్! ఇన్నరా? బడి మొఖం చూడనామె ఎంత మాటన్నది!"

ఆ మాట నాలో ఏం చేసిందో ఇప్పటికీ చెప్పడం కష్టం. అప్పటిదాకా నాతో ఆ మగవాళ్ళు మాట్లాడిన మాటలంటే, "రెండు ప్లేట్లు", "కారం తక్కువ" అనేవే. మర్నాటి నుంచి లోపలికి వస్తూనే, "అక్కా, ఇయ్యాల నీ మాటేంది?" అని అడగసాగారు. వార్తలు విని మనసులో పెట్టుకునేదాన్ని. ఊళ్ళ పేర్లు నోటికి వచ్చాయి. అవి ఏ దిక్కున ఉన్నాయో తెలియదు, అక్కడ వాన పడుతుందో లేదో తెలియదు, పేర్లు మాత్రం గడగడా చెప్పేదాన్ని. సారూ నేనూ ఇరాన్. మా ఆయనా ఆయన జట్టూ ఇరాక్. తలుపు పక్క బెంచీ ఇరాన్ బెంచీ అయింది, గూటి కింది బెంచీ ఇరాక్ బెంచీ అయింది. రిక్షా ఆయన ఏ బెంచీ మీదా కూర్చోకుండా గుమ్మంలో నిలబడి చాయ్ తాగేవాడు. "నువ్వేందిరా, ఐక్యరాజ్య సమితివా?" అని ఏడిపించేవాళ్ళు. "రిక్షా తొక్కీ తొక్కీ కూసుండుడు యాష్టకొచ్చింది, గంతే" అనేవాడు.

వార్తల వేళకు గోడ వెనక మగ్గం ఆగిపోయేది. అది అందరికీ తెలుసు. బస్రా పేరు వచ్చిందంటే మా ఆయన లేచి ట్రాన్సిస్టర్ చప్పుడు పెంచేవాడు. "పాపం, ఆ పిల్ల ఇనాలె" అనేవాడు. ఆమెకు మేలు చేస్తున్నామనే అనుకున్నాం. వార్తలయ్యాక మా వాదులాట అంతకన్నా పెద్ద గొంతులతో సాగేది. ఆ గోడ ఇటుకలకు పైపూత కూడా లేదు, మా మాటలు కూడా ఆమెకు వినపడతాయని మాలో ఎవరికీ తట్టలేదు. తట్టలేదని రాశాను గానీ, నాకు తట్టే ఉంటుంది. మగ్గం మళ్ళీ మొదలు కావడానికి చాలాసేపు పట్టేదని నాకు గుర్తుందంటే, నేను వింటూనే ఉన్నానని కదా.

యుద్ధం ఏళ్ళ తరబడి సాగింది. ఇరాన్ వాళ్ళు తమ గడ్డను విడిపించుకొని, ఆ తరువాత ఇరాక్ వైపే తోసుకుపోయారు. అంటే ఇంట్లోకి జొరబడేవాళ్ళు ఇప్పుడు మావాళ్ళు. నా మాట ప్రకారం నేను అప్పుడే బెంచీ మారాలి, లేదా లేచి నిలబడాలి. మారలేదు. అప్పటికి అది న్యాయం సంగతి కాదు. నా జట్టు గెలవాలి, మా ఆయన ఓడిపోవాలి, నలుగురూ నన్ను అడగాలి. రేడియోలో ఆ యుద్ధం ఊసు లేని రోజున, "ఇయ్యాల ఏం లేదా?" అని నీరసపడేవాళ్ళం. ఆ నీరసం గుర్తొస్తే ఇప్పటికీ నా తల వంగిపోతుంది.

ఒక సాయంత్రం బస్రా మీద ఇరాన్ ఫిరంగులు పేలాయని వార్త. మా బెంచీ వాళ్ళు చప్పట్లు కొట్టారు. "అక్కా, మన ఇరాన్ గెలిచింది, మిర్చి నీ దిక్కెల్లి!" అన్నారు. నేను మూకుడు నిండా బజ్జీలు వేసి అందరికీ పంచాను. అప్పుడే ఆ కోడలు పొయ్యిలో నిప్పుల కోసం చిప్ప పట్టుకొని వచ్చింది. పొద్దుటి నుంచి మగ్గం మీద ఉందేమో, జుట్టంతా నూలు పోగులు. నేను ఆకు ముక్కలో ఒక బజ్జీ పెట్టి, "మీ ఇరాక్ ఓడిపోయింది చెల్లె. తిను, ఓడినోళ్లకు సుత మిర్చి ఉన్నది" అన్నాను. అందరూ నవ్వారు. ఆమె అక్కడే నిలబడి బజ్జీ మొత్తం తిన్నది. నిప్పులు పట్టుకొని వెళ్ళింది. ఎంత కలుపుగోలు పిల్ల అనుకున్నాను.

ఆ తరువాత చలికాలంలో అతను తిరిగొచ్చాడు. చెప్పాపెట్టకుండా ఒక మధ్యాహ్నం రిక్షాలో దిగాడు. పోయేటప్పుడు దుక్కలా ఉన్న మనిషి, చొక్కా హ్యాంగర్‌కు వేలాడేసినట్టు ఉన్నాడు. నాలుగు రోజులయ్యాక మా ఆయన జట్టు వాళ్ళు అతన్ని ఇంట్లోంచి లాక్కొచ్చి, మెడలో బంతిపూల దండ వేసి ఇరాక్ బెంచీ మీద కూర్చోబెట్టారు. సారు కూడా అతని మాటలు వినాలని ఎదుటి బెంచీ నుంచి లేచి వచ్చి అతని పక్కన చేరాడు.

"చెప్పు తమ్మి, ఎవలు గెలుత్తాండ్రు? ఈడ మేం కొట్టుకు చత్తున్నం" అన్నాడు మా ఆయన.

అతను చాయ్ గ్లాసు వైపు చూస్తున్నాడు. "ఆడ చాయ్‌ల పాలు పొయ్యరు బావా" అన్నాడు చివరికి. "శిన్న గలాస. శక్కర పండ్ల నడుమ పెట్టుకొని తాగుతరు."

"పాలు లేని చాయా? గందుకే ఓడుతాండ్రు!" అని ఎవరో అన్నారు. అతను కూడా కొంచెం నవ్వాడు.

"మా కంపెనీ ఎదురుంగ ఉండె హోటల్. గిట్లనే బెంచీలు. దినాం పోతుంటి" అన్నాడు. తరువాత, "ఇప్పుడు లేదు" అన్నాడు.

నేను మూకుడు దగ్గర నిలబడి విన్నాను. ఎప్పటి నుంచి లేదని అడగలేదు. ఏ సాయంత్రం చప్పట్లకు ఆ బెంచీలు పోయాయోనన్న ఆలోచన అప్పుడు రాలేదు, ఆ రాత్రి వచ్చింది.

అంతలో మిల్లు సైరన్ మోగింది. మా ఊరివాళ్ళకు అది గడియారం. ఆ కూత విని పొయ్యి మీద ఎసరు పెట్టుకునేవాళ్ళం, పసిపిల్లలు కూడా దానికి ఉలిక్కిపడేవాళ్ళు కాదు. అతను మాత్రం ఒక్క గుంజు గుంజి సారును కింద పడేశాడు. ఆయన మీద తన ఒళ్ళంతా కప్పి, ఆయన తలను రెండు చేతులతో నేలకు అదిమి పట్టాడు. గ్లాసు పగిలింది. దండ తెగి పూలు చెదిరాయి.

క్షణం ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. అప్పుడు మా ఆయన జట్టులో ఒకడు, "చూడుండ్రి, ఇరాన్‌ను కింద పడగొట్టిండు!" అని అరిచాడు.

హోటల్ మొత్తం నవ్వింది. నేనూ నవ్వాను. చేతిలో జల్లిగరిటెతో, కళ్ళ వెంట నీళ్ళు వచ్చేలా నవ్వాను. సైరన్ ఆగేదాకా అతను లేవలేదు. ఆగాక లేచి, ఎవరినీ చూడకుండా, చెప్పులు కూడా వేసుకోకుండా వెళ్ళిపోయాడు. సారు నేల మీదే కూర్చుండిపోయాడు. "నవ్వకుండ్రి" అన్నాడు. "నా ఈపు మీద ఆని గుండె కొట్టుకున్నది. నన్ను కొట్టలే వాడు. నన్ను కాపాడిండు."

సాయంత్రం ఆ కోడలు తన భర్త చెప్పుల కోసం వచ్చింది. బెంచీ కింద నుంచి తీసిచ్చాను. ఏదో ఒకటి అనాలని, "జర రంది పడకు చెల్లె, దవాఖానల చూపిత్తే తక్కువైతది" అన్నాను.

ఆమె చెప్పులు రెండూ ఛాతీకి పట్టుకొని నిలబడింది. "అక్కా, ఇన్నేండ్లు నాకు ఇనపడాలెనని రేడియో పెద్దగ పెట్టిండ్రు. ఆళ్లు గెలిచిండ్రా, ఈళ్లు గెలిచిండ్రా అన్నరు. లడాయి ఆగిందా అని ఒక్కనాడన్న ఒక్కలన్న అడిగిండ్రా?"

ఆమే మళ్ళీ అందుకుంది.

"ఆనాడు నువ్వు మిర్చి పెట్టినవు. తినకుంటే మీ ముంగట ఏడుత్తనని తిన్న" అంది. "గిప్పుడు మిల్లు కూసినప్పుడల్ల ఆయన నన్ను, అత్తను మగ్గం గుంతలకు తోత్తాండు. దినానికి మూడు మాట్ల. ఈ ఊళ్లె ఉండలేనంటాండు. సామాను సదురుకొని ఎటు పోవాల్నో సమజైత లేదు."

ఆమె వెళ్ళాక మా ఆయన ట్రాన్సిస్టర్ వైపు చెయ్యి చాపి, మళ్ళీ వెనక్కి తీసుకున్నాడు. "మనం తప్పేం చేసినం? గా సారు అన్నట్టు, అన్యాలం కనవడితే మాట్లాడద్దా?" అన్నాడు. మాట్లాడవద్దని నేను ఇప్పటికీ అనను. మొదటి రోజు నేనన్న మాట తప్పు మాట కాదు. కానీ ఆ మాట ఎవరి కోసం అన్నానో వాళ్ళు ఎప్పుడో నా మనసులోంచి జారిపోయి, శభాష్ ఒక్కటే మిగిలింది. ఇదంతా అప్పుడు మా ఆయనకు చెప్పలేకపోయాను. "సైరన్‌ను మనం ఆపలేం గద" అని మాత్రం అన్నాను. ఆపలేం గానీ అది వస్తోందని ముందుగా చెప్పవచ్చు కదా అని, పడుకున్నాక తోచింది.

మర్నాడు పొద్దున నెక్కొండ నుంచి రైల్లో పాలు వచ్చాయి, కాగబెట్టాను. మాకు గడియారం లేదు. ఉన్నా నాకు చూడటం రాదు. కానీ టిఫిన్ డబ్బాలు పట్టుకొని మొదటి షిఫ్టు వాళ్ళు మా గుమ్మం ముందు నుంచి గుంపుగా పోయారంటే, ఇంకాసేపట్లో కూస్తుందని నాకు తెలుసు. గుంపు కనపడగానే పొయ్యి మా ఆయనకు వదిలి, చుట్టూ తిరిగి వెనకింటికి వెళ్ళాను. అతను అరుగు మీద కూర్చొని ఉన్నాడు. నన్ను చూసి ముఖం తిప్పుకున్నాడు.

"తమ్మి, ఇప్పుడు మిల్లు కూత్తది. షిఫ్టోళ్లు పోయిండ్రు. మన మిల్లే" అన్నాను.

అతను అరుగు అంచును రెండు చేతులతో పట్టుకున్నాడు. లోపల మగ్గం ఆగింది. సైరన్ మోగింది. అతను కళ్ళు మూసుకున్నాడు, కానీ లేవలేదు. కూత పూర్తిగా ఆగేదాకా నేను అతని పక్కనే నిలబడ్డాను. ఆగాక, మధ్యాహ్నం షిఫ్టుకు మళ్ళీ వస్తానని చెప్పి, పొయ్యి దగ్గరకు వెళ్ళాను.