కుట్టుమిషను అక్కయ్యగారింటి ఉత్తరం

పోస్టాఫీసులో ముప్పై మూడేళ్లు ఉత్తరాలు వేరుచేసిన సార్టరుగారు చదివింది ఊరిబడిలో అయిదో తరగతి. అయితేనేం? డిగ్రీలున్నవాళ్లు చేతులెత్తేసిన చిరునామాల్ని ఆయన చిటికెలో తేల్చేసేవాడు. వానకు తడిసి సిరా కారిపోయిన కవర్లనూ, ఒక డాక్టరుగారు సొంత తమ్ముడికి రాస్తే ఆ తమ్ముడికే అర్థంకాని కార్డునూ గడప చేర్చిన ఘనత ఆయనది.

రిటైరయ్యాక, వెనకటి మహానుభావులు స్వయంగా చేత్తో రాసిన ఉత్తరాలు పోగుచేయడం మొదలుపెట్టాడు. పదకొండేళ్లలో ముప్పై ఏడు! చిత్తుకాగితాల కొట్లో బస్తా అడుగునుంచి ఒక మంత్రిగారి ఉత్తరం లాగాడు. ఒక మహాగాయని తన దర్జీని దులిపేస్తూ రాసిన చీటీ సంపాదించాడు. ఇంటికొచ్చినవాళ్లెవరూ ముప్పై ఏడూ చూడకుండా బయటపడింది లేదు.

"గ్యాసుబండ తెచ్చినవాణ్ణి కూడా వదలరు గదా! పాపం, భుజంమీద బండ దించనైనా దించనిచ్చారా?" అనేది భార్య.

ఉన్న లోటల్లా ఒక్కటే. ఊరి నదిమీద వంతెన కట్టిన ఇంజనీరుగారి రాత దొరకలేదు. మునిసిపాలిటీ గోడమీది పాత ప్లానులో ఆయన సంతకం చూసి చూసి కళ్లకు ఎక్కించుకున్నాడేగానీ, ఉత్తరం జాడ మాత్రం లేదు. తీరా అది రెండు వీధుల అవతల ఒక ఇంట్లోనే ఉందని తెలిసేసరికి, తింటున్నవాడు తింటున్నట్టే లేచాడు.

ఆ ఇంట్లో ఒక పెద్దావిడ కిటికీ పక్కన మిషను పెట్టుకుని రవికెలు కుడుతుంది. ఆమె తాత ఆ వంతెనకు రాళ్లు పేర్చిన మేస్త్రీ. రేకుపెట్టె తెరిచి, మడతలు విరిగిపోతున్న కాగితం తీసిందామె.

"ఇంతవరకూ ఈ గొలుసురాత చదివిన మొనగాడు లేడు తమ్ముడూ. మా తాతకూ చదువు రాదు. ఇంజనీరుగారు మళ్లీ పనిలోకి రమ్మని రాశారనేవాడు. మా అత్తింటివాళ్లేమో పనిలోంచి తీసేసిన కాగితమని ఇప్పటికీ ఎగతాళి చేస్తారు. నువ్వు చదివి చెప్పు. తీసేసిన కాగితమే అయితే పట్టుకుపో, నా కళ్లముందు ఉండొద్దు. మంచిమాటైతే మాత్రం ఇల్లు కదలదు."

సార్టరుగారు భూతద్దం తీశాడు. కవరుమీద ఊరిపేరు అడుగున ఉంటుంది కనుక ఆయన ఏదైనా కిందనుంచి పైకే చదివేవాడు. అడుగున సంతకం అచ్చంగా ప్లానుమీదిదే! ఆ పైన, "సోమవారం పనిముట్లతో రా." ఇంకా పైన, "నువ్వొచ్చి చూసేదాకా రాయిమీద రాయి పెట్టనివ్వను." అన్నిటికీ పైన, "మూడో స్తంభం పునాది గురించి నువ్వన్నదే నిజం. నలుగురిలో నిన్ను కసిరాను. తప్పు నాది."

"ఏంటి తమ్ముడూ, తీసేసిన కాగితమేనా?"

'అవునక్కా' అంటే చాలు, ఉత్తరం సంచిలో ఉంటుంది. అడ్డు చెప్పగలిగినవాళ్లు భూమ్మీద లేరు. సార్టరుగారు కాగితంకేసి చూశాడు, మళ్లీ ఆమెకేసి చూశాడు. ముప్పై మూడేళ్లలో ఒకరి ఉత్తరాన్ని ఇంకొకరి గడపలో వేసి ఎరగడు. ఇప్పుడు, అదీ తన గడపలోనే వేసుకోవడమా? గొంతు సవరించుకుని, ఈసారి పైనుంచి కిందికి, బళ్లో పాఠం అప్పజెప్పినట్టు గట్టిగా చదివాడు.

ఆమె కాలు మిషను తొక్కుడుపలకమీదే ఆగిపోయింది.

"ఇంకోసారి చదువు."

చదివాడు. ఆమె కళ్లొత్తుకుని కిటికీలోంచి కేకేసింది.

"వదినా! ఓ వదినా! మా తాతను తీసేశారన్నావే, ఒక్కసారి ఇలా రా! చెవులు కడుక్కుని మరీ రా!"

ఎదురింటి వదిన చేతిలో చీపురుతోనే వచ్చింది. ఆమె వెనకే మరో నలుగురు. 'తప్పు నాది' దగ్గర అక్కయ్య ప్రతిసారీ చెయ్యెత్తి ఆపి, ఆ ముక్క మళ్లీ చదివించింది.

వదిన మూతి తిప్పింది. "ఇలా చదవమని ఈయనకేం ఆశపెట్టావే?"

"ఆశా? సరిగ్గా చదివినందుకే చేతికందిన ఉత్తరం పోగొట్టుకున్నానమ్మా!" అన్నాడు సార్టరుగారు. అందరికన్నా ముందు వదినే పకపకా నవ్వింది.

ఆ పూట పదకొండుసార్లు చదివి, గొంతు బొంగురుపోయి, వట్టి సంచితో ఇల్లు చేరాడు. మొహం మాత్రం వెలిగిపోతోంది.

"దొరికిందా?" అంది భార్య.

"దొరికింది. తేలేదు."

ఇప్పుడు ఆయన ఇంటికెళ్లినవాళ్ల పని ముప్పై ఏడింటితో అయిపోదు. బీరువా మూసి, "చెప్పులేసుకోండి, ముప్పై ఎనిమిదోది రెండు వీధుల అవతల ఉంది" అంటాడు. అక్కడ అక్కయ్య వాళ్లచేత ముందు చేతులు కడిగిస్తుంది. తర్వాత మిషను ఆపి, సార్టరుగారికి కుర్చీ వేస్తుంది.