ఉమ్రా గుండు కాదది

గల్ఫ్ యుద్ధం అయిపోయిన రెండేళ్లకు, రియాద్ నుంచి రాబిగ్‌కు పైపుల పని మీద వెళ్లినప్పుడు, ఊళ్లో మా బాపు పోయాడని కబురొచ్చింది. ఇంటికి పంపమని కఫీల్‌ను, అంటే నన్ను వీసా మీద రప్పించుకున్న యజమానిని, బతిమాలితే పని అయ్యాక చూద్దామన్నాడు. పెద్దకొడుకునై ఉండీ కొరివి పెట్టలేకపోయాను. పదకొండో రోజు గుండయినా చేయించుకోవాలి. అదొక్కటే నా చేతిలో మిగిలింది.

దానికీ భయమే. ఆ దేశంలో మా దేవుడి పటం నలుగురికీ కనబడేలా పెడితే తప్పు. మరి గుండు పూజ కిందికి వస్తుందా, రాదా? మా దగ్గర వినాయకుణ్ణి ఊరేగిస్తే పోలీసులే ముందు నడిచి దారి చేసేవాళ్లు. ఇక్కడ నా నెత్తిమీది వెంట్రుకలకు కూడా చట్టాన్ని అడగాలా అని ఒళ్లు మండింది.

"నడువు తమ్మీ, నేనున్న గద" అని మా డ్రైవర్ భాయ్ మంగలి షాపుకు తీసుకుపోయాడు. ఆయన హైదరాబాద్ ముస్లిం, నాకంటే పదేళ్లు పెద్ద. పాకిస్తానీ మంగలి తల నున్నగా గొరిగి, మీసం కూడా తీయమనేసరికి నావైపు వింతగా చూశాడు. అయినా తీశాడు.

ఇక మొదలైంది. హోటల్లో టీ పోసే బంగ్లాదేశీ, పెట్రోల్ బంకులో సూడానీ, కనబడినవాడల్లా "ఉమ్రా ముబారక్" అని చేయి కలపడమే. మక్కా వెళ్లి ఉమ్రా చేసుకొచ్చినవాళ్లకు అక్కడ గుండు మామూలు. పాపం, ప్రేమతోనే అన్నారు. బాపు పోయిన నేను మాత్రం ఒక్కో ముబారక్‌కూ తల వంచుకుని చేయి కలిపాను.

మర్నాడు రియాద్‌లో సులై దగ్గరున్న మా క్యాంపుకు తిరుగు ప్రయాణం. భాయ్ ఒక్కడే అయితే మక్కా మీదుగా నేరుగా పోవచ్చు. నాకోసం, ముస్లింలు కానివాళ్లకు వేసిన చుట్టు రోడ్డు పట్టాడు, ఒక్క మాట విసుక్కోకుండా. ఆ మనిషి మీద నాకు అందుకే అంత ప్రేమ.

తాయిఫ్ వైపు చెక్‌పోస్టులో ఒక కుర్ర పోలీసు నా గుండు చూసి నవ్వి దీవించాడు. తర్వాత నా ఇకామా, ఆ దేశంలో ఉండనిచ్చే అనుమతి పుస్తకం, తీసుకున్నాడు. ముస్లింల పుస్తకానికి ఆకుపచ్చ అట్ట, మాకు గోధుమరంగుది. అతని నవ్వు మాయమైంది. నేను మక్కాలో అడుగుపెట్టి వచ్చాననుకున్నాడు. అది రుజువైతే జైలు, ఆ పైన విమానం ఎక్కించడం. ఇంటికి పోవాలనే ఉంది గానీ, అలా కాదు.

భాయ్ దిగి అరబ్బీలో గబగబా చెప్పాడు. నా పై పెదవి చూపించాడు. ఉమ్రాకు మీసం ఎవరూ తీయరు, తండ్రి పోతే వీళ్లు తీస్తారు, అన్నాడట.

పోలీసు నా మొహం చాలాసేపు చూశాడు. ఇకామా తిరిగిచ్చి, గుండెమీద చేయి పెట్టుకుని ఏదో అన్నాడు.

"మీ బాపు పోయిన దుఃఖం ఓర్సుకునే బలం దేవుడు నీకియ్యాలె అంటుండు, తమ్మీ" అన్నాడు భాయ్.

కబురొచ్చిన నాటి నుంచి నాకు కన్నీళ్లు రాలేదు. అక్కడ, నడిరోడ్డు మీద, భోరుమన్నాను. వెనక లారీలు హారన్లు మోగించాయి. పోలీసు వాటికేసి చేయి ఎత్తాడు. నా ఏడుపు ఆగేదాకా దించలేదు.