రాట్నాలు లోపల పెట్టిన రోజు

మా చిన్నప్పుడు... మా వీధిలో ఆడపిల్లల బడి, ఊళ్ళో బడి వదిలాకే మొదలయ్యేది. పొద్దు వాలే వేళకు బసప్ప అయివారు వచ్చి, గడప బయట చెప్పులు విడిచి, మా పడసాలలో గోడకు ఆనుకుని కూర్చునేవాడు. ఏడెనిమిది మంది ఆడపిల్లలం, ఎవరి రాట్నం ముందు వాళ్ళం...

మాది ఎమ్మిగనూరు దగ్గర మగ్గాల ఊరు. కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. మగవాళ్ళు మగ్గం గుంటలో కాళ్ళు పెట్టి నేస్తుంటే, అటూ ఇటూ పరిగెత్తే నాడెలో పెట్టే నూలు కండెలు రాట్నం మీద చుట్టడం పిల్లల పని. కండె అందకపోతే మగ్గం ఆగుతుంది, మగ్గం ఆగితే పొయ్యి వెలగదు. అందుకే నన్ను మూడో తరగతితోనే బడి మాన్పించారు. అదేం పెద్ద కథ కాదు, మా వీధిలో ఆడపిల్లలందరిదీ అంతే.

అయివారు పగలు ఊరి బడిలో చెప్పేవాడు. బడి మానేసిన పిల్లల్ని వెతుక్కుంటూ ఒకరోజు మా ఇంటికి వచ్చాడు. మా అమ్మతో ఒకటే మాట అన్నాడు.

"చేతులు మీవేనమ్మా, పని ఆపమని నేననను. నోర్లు మాత్రం నాకియ్యండి."

అమ్మ నవ్వి చాప పరిచింది.

అట్లా చేతులు రాట్నం తిప్పుతుంటే నోళ్ళు ఎక్కాలు చెప్పేవి. చక్రం కిర్రుమనే వరసకే మా వరస... కండె మార్చుకునే సందులో నేల మీద బొగ్గుతో అక్షరాలు. లాంతరు ఆయనదే, కిరసనాయిలు ఆయనదే. ఇంటికి పోతే పెళ్ళాం పెట్టే చీవాట్లు కూడా ఆయనవే అని మా నాయన ఎగతాళి చేసేవాడు.

ఒక సాయంత్రం అయివారు వస్తూనే చెప్పాడు. "మాపటేళ బడులు నడిపేటోళ్ళకు సర్కారు సాయం చేస్తాదంట. పెద్ద దీపం, పలకలు, పుస్తకాలు శానా ఇస్తారంట. కర్నూలు నుంచి ఆఫీసరు చూసేదానికి వస్తాండాడు."

"అయితే పిల్లోళ్ళ చదువు నిలబడ్తాదా అయివారూ?" అంది అమ్మ.

"నిలబడ్తాది. వీళ్ళ చేత ఐదో తరగతి పరీక్ష రాయించొచ్చు" అని నా వైపు చూశాడు.

ఆ మాటకు నా చేతిలో రాట్నం గబగబా తిరిగింది. తర్వాత ఎప్పుడూ అంత సంతోషం కలగలేదు, అందుకే ఇంకా గుర్తుంది.

ఆఫీసరు వచ్చే రోజు మా అమ్మలందరూ కలిసి ఒక పని చేశారు. ఎవరూ చెప్పలేదు, మర్యాద అనుకుని వాళ్ళే చేశారు. పడసాల అలికి, ముగ్గేసి, రాట్నాలన్నీ లోపలి గదిలో పెట్టేశారు. మాకు తలలకు నూనె పెట్టి, జడలు వేసి, చాప మీద వరసగా కూర్చోబెట్టారు. ఆఫీసరు వెనకాలే వచ్చిన అయివారు ఆ ఖాళీ చూసి అక్కడే నిలబడిపోయాడు.

"పెద్ద సారు ముందర పనిముట్లు పెట్టుకుంటే బాగుంటాదా?" అంది అమ్మ మెల్లగా.

ఆఫీసరు మంచివాడే. ముందుగా నన్నే అడిగాడు, ఎన్నో ఎక్కం దాకా వచ్చని. పదమూడు అన్నాను. చెప్పమన్నాడు. లేచి నిలబడ్డాను.

పదమూడు ఒకట్ల పదమూడు... పదమూడు రెళ్ళు ఇరవై ఆరు...

అంతే. మర్చిపోలేదు. చేతులు ఖాళీగా ఉంటే నోట్లోంచి మాట రాలేదు.

తర్వాత మా చిన్నాయన కూతురు నాగమ్మ లేచింది. దాని కుడి చెయ్యి దానంతటదే గాల్లో గుండ్రంగా తిరుగుతోంది... చెయ్యి తిరిగినంతసేపు ఎక్కం కూడా నడిచింది. "చేతులు కట్టుకుని నిలబడమ్మా" అన్నాడు ఆఫీసరు. కట్టుకుంది. ఎక్కం ఆగిపోయింది.

అయివారు ఇక ఉండబట్టలేక చెప్పేశాడు. "సార్, రాట్నాలు తెప్పిస్తా సార్. రాట్నం ముందర కూర్చుంటే గడగడా చెప్తారు."

"అంటే, ఇక్కడ పిల్లలు పని చేస్తారా?"

"పని చేస్తానే చదువుకుంటారు సార్. పని లేకుంటే ఈడికి పంపరు."

"పిల్లలు పని చేసే చోటును బడి అని నేనెలా రాయను, మాస్టారూ?"

అది తప్పు మాట కాదు. ఇన్నేళ్ళు ఆలోచించినా తప్పనిపించలేదు. ఆయన మజ్జిగ తాగి, జీపెక్కి వెళ్ళిపోయాడు.

సాయం రాలేదు. ఆ తర్వాత కొన్నాళ్ళు అయివారు వస్తూనే ఉన్నాడు. అంతలో ఆయన్ను ఆలూరు వైపు మార్చారు. చివరిరోజు నాగమ్మ వెక్కి వెక్కి ఏడ్చింది. నాకు ఏడుపు రాలేదు. కండె నిండితే తీసి గంపలో వేశాను, ఇంకొకటి పెట్టుకున్నాను.

అమ్మ మాత్రం ఎన్నో ఏళ్ళు ఆ మాటే ఎత్తేది. "నేను లోపల పెట్టకపోయింటే నీ పరీక్ష అయ్యేది గదమ్మా." బయట పెట్టినా అయ్యేది కాదులేమ్మా అనేదాన్ని. నిజమే కదా... రాట్నం ఉంటే అది బడి కాదు, లేకపోతే మాకు చదువు రాదు.

ఇప్పుడు మా వీధి చివర, బడి అయ్యాక పిల్లల్ని కూర్చోబెట్టుకునే చోటు ఒకటుంది. ఫ్యాన్లు, బొమ్మల పుస్తకాలు, ఉడికించిన శనగలు. నడిపే అమ్మాయికి శిక్షణ ఇచ్చారట, జీతం కూడా ఉందట. ఆ వాకిట్లో నిలబడి చూస్తుంటాను. సంతోషించాలి కదా అనుకుంటాను... ఏమీ అనిపించదు, బాధ కూడా.

మొన్న ఆ అమ్మాయి, "అవ్వా, నువ్వు యాడిదాకా చదువుకున్నావు?" అని అడిగింది.

"పదమూడో ఎక్కం రెండో మెట్టు దాకా" అన్నాను. తమాషాకి అన్నాననుకుని నవ్వింది.

మీ ఇళ్ళల్లో అవ్వలనో అమ్మలనో ఒకసారి అడగండి, వాళ్ళ చదువు ఎక్కడ ఆగిందో... వాళ్ళు చెప్తే ఈ కింద రాయండి, చదువుతాను. చదవడం మాత్రం వచ్చు నాకు.